లోగో దగ్గరే ఆగిపోతోంది

ప్రశ్న: రాత్రి కరెంటు పోయి వచ్చాక మా కంప్యూటర్‌లో విండోస్ 10 లోగో కింద చుక్కలు తిరుగుతూనే ఉన్నాయి. ఫార్మాట్ చేయాలంటున్నారు. నాన్నగారి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి, టెన్షన్‌గా ఉందండి.
– ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: ఫార్మాట్ మాట అప్పుడే వద్దమ్మా. లోగో దాకా వస్తోందంటే మదర్‌బోర్డు, ర్యామ్ చాలామటుకు బాగున్నట్టే. నా అనుమానం హార్డ్ డిస్క్ మీద, లేదంటే కరెంటు పోయినప్పుడు చెడిన ఫైళ్ల మీద.

ముందు క్యాబినెట్‌కి చెవి ఆనించి వినండి. టక్ టక్‌మని ఆగి ఆగి చప్పుడొస్తుంటే వెంటనే ఆపేయండి, మళ్లీ ఆన్ చేయొద్దు. ఆన్ చేసిన కొద్దీ ఫొటోలు దక్కే ఆశ తగ్గిపోతుంది.

చప్పుడు లేకపోతే ప్రింటర్, పెన్‌డ్రైవ్ పీకేసి చూడండి. ప్లగ్గు తీసేసి, డిస్క్‌కి వెళ్లే సాటా కేబుల్‌ని కూడా ఊడదీసి గట్టిగా పెట్టండి. మన కోనసీమ, పాలకొల్లు వైపు వానాకాలం తేమకి ఈ మొనలు మసకబారడం నేను చూస్తూనే ఉంటాను. అయినా కదలకపోతే, లోగో రాగానే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపండి. వరసగా రెండు మూడుసార్లు ఇలా చేస్తే రిపేర్ స్క్రీన్ వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్. తర్వాత 4 నొక్కితే సేఫ్ మోడ్, అంటే మరీ అవసరమైన వాటితోనే విండోస్ తెరుచుకునే పద్ధతి. తెరుచుకోగానే ఫొటోలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి, మిగతా రిపేర్లు తర్వాత.

అదీ కుదరకపోతే, డిస్క్ విప్పి వేరే కంప్యూటర్‌కి తగిలించి ఫొటోలు తీయమని షాపులో ముందే చెప్పండి.