హారికకు, వియత్నామీ హోటల్‌కి వెళ్ళే ముందు

చిరంజీవి హారికకు పెద్దమ్మ ఆశీస్సులు.

వియత్నామీ హోటల్లో మేం ఏం తినగలమని నిన్న ఫోన్‌లో నువ్వు అడిగినదానికి అప్పుడే రెండు ముక్కల్లో జవాబు చెప్పేదాన్ని. కానీ నీ గొంతులో టెన్షన్ విన్నాక తీరిగ్గా రాస్తేనే మంచిదనిపించింది. ఆఫీసు వాళ్ళంతా శనివారం స్టోరీ రోడ్ వైపు వియత్నామీ హోటల్‌కి వెళ్తున్నారు. నువ్వు బీఫ్ తినవు. నీ రూమ్మేట్ దివ్య గుడ్డు కూడా ముట్టదు. అందుకని ఇంట్లో పని ఉందని చెప్పి ఇద్దరూ తప్పించుకుందామనుకుంటున్నారు. అలా చేయకండి తల్లీ. కాలిఫోర్నియాలో మనముండే ఈ శాన్‌హోసేలో లక్షకు పైగా వియత్నామీలు ఉన్నారు. వాళ్ళ దేశం బయట ఏ నగరంలోనూ ఇంతమంది లేరని చెబుతారు. 1975 ఏప్రిల్ 30న దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ పడిపోయాక దేశం వదిలి, పడవల్లో, శిబిరాల్లో నానా కష్టాలు పడి ఇక్కడికి చేరి, చిన్న చిన్న కొట్లు పెట్టుకుని నిలదొక్కుకున్నవాళ్ళు. వాళ్ళ వంట నీకు ఇంటి పక్కనే దొరుకుతోంది. దాన్ని భయంతో వదులుకోవడం నాకు ఇష్టం లేదు.

ముందు ఒక్క సంగతి తెలుసుకో. వియత్నామీ భోజనం వంటగదిలో పూర్తవదు, బల్ల మీద పూర్తవుతుంది. మనం విస్తట్లో అన్నం, పప్పు, ఆవకాయ, నెయ్యి ఎవరి నోటికి తగ్గట్టు వాళ్ళం కలుపుకున్నట్టే, వాళ్ళు ఆకులు, నిమ్మకాయ, మొలకలు, సాస్ ముందు పెట్టేసి మిగతాది నీ చేతికి వదిలేస్తారు. ఇది తెలియక చాలామంది మనవాళ్ళు, గిన్నె వచ్చిందే తడవుగా రెండు స్పూన్లు తినేసి, చప్పగా ఉందని తేల్చేసి, ఇక ఆ గడప తొక్కరు.

మీవాళ్ళు తప్పకుండా ఫో తెప్పిస్తారు కాబట్టి దానితోనే మొదలుపెడతాను. పెద్ద గిన్నెలో సన్నటి బియ్యపు సేమ్యా, పైన మాంసం ముక్కలు, పల్చగా తరిగిన ఉల్లిపాయ, పొగలు కక్కే రసం. పక్కనే ఒక పళ్ళెంలో పెసర మొలకలు, ఊదారంగు కాడల తులసిజాతి ఆకు, రంపపు అంచున్న ఇంకో పొడవాటి ఆకు, నిమ్మముక్కలు, పచ్చిమిర్చి చక్రాలు. ఆ రంపపు ఆకు తుంచి వాసన చూడు, కొత్తిమీరే గానీ ఇంకా ఘాటుగా ఉంటుంది. సైగాన్ వాళ్ళ ఫో దగ్గర అది తప్పనిసరి. లేకపోతే అడుగు, చాలా చోట్ల లోపలినుంచి తెచ్చిస్తారు.

ఏదీ కలపకుండా ముందు ఆ రసాన్ని రెండు మూడు స్పూన్లు తాగాలి. ఇది మాత్రం నా మాట విను. ఆ రసం కోసం ఎముకల్ని గంటల తరబడి, చాలాసార్లు రాత్రంతా, సన్నటి సెగ మీద ఉడికిస్తారు. అల్లం, ఉల్లిపాయ నిప్పుల మీద మాడ్చి వేస్తారు. అనాసపువ్వు, దాల్చినచెక్క, లవంగాలు, ధనియాలు, నల్ల యాలకులు, అన్నీ మన పోపులపెట్టెలోవే. కాకపోతే వాటిని నూరరు, నూనెలో వేయించరు, కారం కలపరు. నీళ్ళలో నెమ్మదిగా దిగనిస్తారు. మన నాలుక కారం కోసం వెతుకుతుంది కాబట్టి ఆ సువాసన మొదట పట్టుబడదు. రెండో స్పూన్‌కో మూడో స్పూన్‌కో అనాసపువ్వు వాసన ముక్కుకి తగులుతుంది. అది తగిలాక మిగతావి కలుపుకో. రసం వేడిగా ఉండగానే మొలకలు అందులో ముంచు. ఆకుల్ని చేత్తో తుంచి కొంచెం కొంచెంగా వేసుకో, అన్నీ ఒకేసారి వేస్తే వడిలి రుచి పోతుంది. నిమ్మరసం చివర్లో, అదీ కొద్దిగానే.

సాస్‌ల సంగతి. బల్ల మీద నల్లటి తియ్యటి హాయ్‌సిన్, ఎర్రటి శ్రీరాచా సీసాలుంటాయి. కోడిపుంజు బొమ్మ ఉన్న ఆ శ్రీరాచా ఎక్కడో ఆసియాలో తయారైందనుకుంటారు. 1975 తర్వాత వియత్నాం వదిలి వచ్చిన డేవిడ్ ట్రాన్ 1980లో లాస్ ఏంజెలెస్‌లో పెట్టిన కంపెనీది అది. తనను మోసుకొచ్చిన ఓడ పేరే, హుయ్ ఫాంగ్, కంపెనీకి పెట్టుకున్నాడు. ఆ రెండు సాస్‌లనూ రసంలో పిండేయకు. చిన్న గిన్నెలో పక్కపక్కన వేసుకుని ముక్కని అందులో అద్దుకుని తిను. అప్పుడు నీకు కావలసిన కారం నోటికి అందుతుంది, రాత్రంతా కాచిన రసమూ పాడవదు. నిజానికి ఫో పుట్టిన ఉత్తర వియత్నాంలో ఇన్ని ఆకులు, సాస్‌లు వేసుకోరు. 1954లో దేశం రెండుగా చీలినప్పుడు లక్షల మంది ఉత్తరాదివాళ్ళు దక్షిణానికి తరలిపోయారు, వాళ్ళతో ఫో కూడా సైగాన్‌లో బాగా పాకింది. అక్కడే ఈ ఆకులూ మొలకలూ వచ్చి చేరాయి. ఇక్కడ మనం తినేది ఎక్కువగా ఆ సైగాన్ పద్ధతే.

ఇప్పుడు నీ అసలు భయం, బీఫ్. మామూలుగా ఫో అంటే బీఫే. నీకు కావలసింది చికెన్‌ది, మెనూలో ఫో గా అని ఉంటుంది. కానీ ఇక్కడ జాగ్రత్త. కొన్ని కొట్లలో చికెన్ ఫో అని చెప్పి, బీఫ్ ఎముకల రసంలోనే చికెన్ ముక్కలు వేసి ఇస్తారు. అందులో మోసమేమీ లేదు, వాళ్ళకి అది పట్టింపు కాదు, అంతే. అందుకని "చికెన్ ఉందా" అని కాకుండా "రసం దేంతో కాచారు" అని అడుగు. మొహమాటపడొద్దు. ఒక్క మాటలో చెప్పేస్తారు. చికెన్ ఫోకే పేరుపడ్డ కొట్లు కూడా ఈ ఊళ్ళో ఉన్నాయి, అక్కడైతే రసం కోడిదే. సైజు అడిగితే చిన్నది చెప్పు. రైలుబండి పేరుతో పిలిచే పెద్ద గిన్నె ఒకటుంటుంది, అది ఇద్దరికి సరిపోతుంది.

దివ్య విషయంలో ఇంకొంచెం ఆలోచించాలి. వెజిటబుల్ ఫో అని రాసి ఉన్నా రసం ఎముకలదే కావచ్చు. టోఫు తెప్పించుకున్నా పక్కనిచ్చే తేనెరంగు సాస్ చేపది. నువొక్ మామ్ అంటారు, చిన్న చేపల్ని ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టి తీస్తారు. వాళ్ళ వంటలో అది లేనిది చాలా తక్కువ. కాబట్టి మామూలు హోటల్లో ఆ పిల్లని సలాడ్‌తో సరిపెట్టుకోమనడం అన్యాయం. మీవాళ్ళతో ముందే మాట్లాడి, ఒకసారైనా బోర్డు మీద 'చై' అని ఉన్న చోటికి తీసుకెళ్ళు. అది టీ కొట్టు కాదు, పూర్తి శాకాహార హోటల్. వియత్నాం బౌద్ధుల్లో చాలామంది చాంద్రమాసం మొదటి రోజున, పౌర్ణమినాడు మాంసం మానేస్తారు. నిష్ఠగా ఉండేవాళ్ళు ఉల్లి, వెల్లుల్లి కూడా తినరు. మీ అమ్మమ్మ కార్తీక సోమవారాలు చేసినంత శ్రద్ధగా చేసేవాళ్ళని నేను చూశాను. ఆ రోజుల్లో చై హోటళ్ళు కిటకిటలాడుతుంటాయి. పుట్టగొడుగులు, ముల్లంగి, క్యారెట్‌తో కాచిన ఫో, సోయాతో చేసిన సాస్, అన్నీ దివ్య హాయిగా తినగలదు. గుడ్డు సంగతి మాత్రం అక్కడా ఒకసారి అడిగి తెలుసుకోండి.

ఫో దగ్గరే ఆగిపోవద్దు. ఈ ఊరొచ్చి ఏళ్ళు గడిచినా ఆ ఒక్క గిన్నె దాటనివాళ్ళు నాకు తెలుసు, వాళ్ళని చూస్తే బాధేస్తుంది. బాన్ సియో తెప్పించు. బియ్యప్పిండిలో పసుపు, కొబ్బరిపాలు కలిపి పోసిన పెద్ద అట్టు. పసుపుపచ్చగా ఉందని గుడ్డు అనుకుంటారు, మామూలుగా పిండిలో గుడ్డుండదు. లోపల రొయ్యలు, పోర్క్, మొలకలు పెట్టి మధ్యకి మడిచి తెస్తారు. పోర్క్ వద్దంటే రొయ్యలతోనే చేసిస్తారేమో అడుగు. దాన్ని ఫోర్క్‌తో తినకు. అంచున కరకరలాడే ముక్క ఒకటి చేత్తో విరిచి, పాలకూరలాంటి లెట్యూస్ ఆకులోనో ఆవాకులోనో పెట్టి, మీద పుదీనా, ఊదారంగు షీసో ఆకు వేసి, గట్టిగా చుట్టి, సాస్‌లో ముంచి కొరుకు. ఆవాకు ఘాటు ముక్కుకెక్కుతుండగానే వేడి అట్టు కరకరలాడుతుంది, ఆ వెంటనే కొబ్బరి కమ్మదనం తెలుస్తుంది. సాస్ చేతి మీదుగా కారుతుంది, కారనీ. అక్కడ అందరూ అలాగే తింటారు.

నీకు నిజంగా నచ్చేది మాత్రం క్యాన్ చువా అని నా నమ్మకం. చింతపండు, టమాటా, బెండకాయలు, చేప. చదువుతుంటేనే మన ఇంటి పులుసు గుర్తొచ్చి ఉంటుంది. వాళ్ళు అనాస ముక్కలు, స్పాంజిలా రసం పీల్చుకునే చేమజాతి కాడలు కూడా వేస్తారు. పైన చల్లే చిన్న ఆకుకి జీలకర్ర వాసనుంటుంది. మన పులుసులా చిక్కగా, కారంగా ఉండదు, పల్చగా, పులుపుతో పాటు తీపి కూడా తగులుతుంది. దానికి జోడీ కా ఖో తో. పంచదార మాడ్చిన పాకంలో, చేప సాస్, మిరియాలతో మట్టిపాత్రలో దగ్గరగా ఉడికించిన చేప. ఉప్పగా ఉంటుంది, కొంచెం కొంచెంగా అన్నంలో కలుపుకోవాలి. మెకాంగ్ డెల్టా ఇళ్ళల్లో ఈ రెండూ, వేడన్నం ఉంటే అదే భోజనం. మన భీమవరం చుట్టుపక్కల చెరువుల్లో పెంచే పంగాసియస్ కూడా మెకాంగ్ నది చేపే. అందుకే ఆ బల్ల దగ్గర కూర్చుంటే నాకు పరాయి దేశంలో ఉన్నట్టే అనిపించదు. ఇవి అన్ని చోట్లా దొరకవు. ఫో కొట్లలో కాదు, ఇంటిల్లిపాదీ కూర్చుని తినే భోజన హోటళ్ళలో అడగాలి.

మిగతావి చకచకా చెప్పేస్తాను. కొమ్ తమ్ అంటే నూకలన్నం, మామూలుగా కాల్చిన పోర్క్‌తో ఇస్తారు, చికెన్‌తోనూ ఉంటుంది. ఎండగా ఉన్న రోజు చల్లటి బియ్యపు సేమ్యాతో వచ్చే బున్ బాగుంటుంది, నిమ్మగడ్డి వేసి కాల్చిన చికెన్‌తో చెప్పు. దానిమీద వేయించిన రోల్స్ పెడితే వాటిలో పోర్క్ ఉంటుంది, వద్దని ముందే చెప్పు. వేరుశనగ పప్పు చాలా వాటి మీద చల్లుతారు కాబట్టి మీలో ఎవరికైనా అలర్జీ ఉంటే మొదటే చెప్పాలి. పని మధ్యలో ఆకలేస్తే బాన్ మి శాండ్‌విచ్ కొనుక్కో. ఫ్రెంచివాళ్ళు నేర్పిన రొట్టెలో ముల్లంగి, క్యారెట్ ఊరగాయ, కొత్తిమీర, పచ్చిమిర్చి. ఇప్పుడు చాలా చోట్ల కనిపించే లీస్ శాండ్‌విచెస్ 1983లో మన శాన్‌హోసేలోనే మొదలైంది.

కాఫీ తాగకుండా లేవకు. గ్లాసు అడుగున వేలెడు మందాన కండెన్స్‌డ్ పాలు, పైన చిన్న రేకు ఫిల్టర్. అందులోంచి డికాషన్ బొట్టుబొట్టుగా దిగుతుంది, అయిదారు నిమిషాలు పడుతుంది, తొందరపెట్టకు. దిగాక అడుగునుంచి బాగా కలిపి ఐస్ మీద పోసుకో. వాళ్ళది రోబస్టా గింజ, మన అరకు అరబికా కంటే చాలా గట్టిది. సాయంత్రం తాగితే నీకు నిద్ర పట్టదు, పొద్దునే తాగు.

ఇక మర్యాదలు. చాలా చోట్ల ఖాళీ బల్ల చూసుకుని మనమే కూర్చోవాలి. చెంచాలు, చాప్‌స్టిక్స్ బల్ల మీద డబ్బాలో ఉంటాయి. చాప్‌స్టిక్స్ కుడిచేత్తో, చెంచా ఎడమచేత్తో పట్టుకో. రాకపోతే ఫోర్క్ అడుగు, ఎవరూ ఏమీ అనుకోరు. అన్నంలో చాప్‌స్టిక్స్ నిలువుగా మాత్రం గుచ్చకు. పోయినవాళ్ళకి అగరొత్తులు అలాగే పెడతారు, చూసినవాళ్ళ మనసు చివుక్కుమంటుంది. బిల్లు తెస్తారని కూర్చుంటే చాలాసేపు కూర్చోవాల్సి వస్తుంది, కౌంటర్ దగ్గరికి వెళ్ళి కట్టేయాలి. కొన్ని చోట్ల కార్డు తీసుకోరు, క్యాష్ ఉంచుకో. టిప్పు దగ్గర పిసినారితనం వద్దు, నిలబడి మోస్తున్నది నా వయసు ఆడవాళ్ళే ఎక్కువ. గోడ మీద మూడు ఎర్రగీతలున్న పసుపు జెండా కనిపిస్తే అది పోయిన దక్షిణ వియత్నాం జెండా. దాన్ని కాపాడుకుంటున్నవాళ్ళ ముందు ఉత్తర వియత్నాం కమ్యూనిస్టు నాయకుడు హో చి మిన్ గురించి, యుద్ధంలో ఎవరు గెలిచారనే దాని గురించి మీ కుర్రాళ్ళు తెలిసీ తెలియని మాటలు మాట్లాడకుండా చూడు. వాళ్ళ అన్నలో, నాన్నలో ఆ జెండా కింద పోయి ఉంటారు.

శనివారం లంచ్‌కి కాకుండా పొద్దున పదికల్లా వెళ్దామని మీవాళ్ళతో చెప్పి చూడు. ఫో అక్కడ పొద్దుటి తిండే, రసం అప్పుడే తాజాగా ఉంటుంది, పార్కింగూ దొరుకుతుంది. క్యాన్ చువా బాగా చేసే చోటి పేరు నీ ఫోన్‌కి పంపిస్తాను. అది ఒక్కదానివే తెప్పించుకుంటే మిగిలిపోతుంది, కనీసం నలుగురు వెళ్ళండి. ఆ వారం నాకు ఖాళీ ఉంటే నేనూ వస్తాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ