జలాశయంలో నీటి ప్రవాహం: సిమ్యులేషన్ సరిపోతుందా, నమూనా కట్టాలా?

సాఫ్ట్‌వేర్ ఇంత మెరుగుపడ్డాక కూడా సిమెంటు, అక్రిలిక్‌తో చిన్న జలాశయం కట్టి నీళ్లు పారించడం ఎందుకని అడిగారు. హైడ్రాలిక్స్ ల్యాబులో రెండు పనులూ చేసినవాడిని కాబట్టి చెబుతున్నాను: మీకు తెలియాల్సింది జలాశయంలో ఏ చోటి సంగతి అన్నదాన్ని బట్టి ఉంటుంది.

డ్యామ్‌కు దూరంగా, వెడల్పైన నీటిలో కంప్యూటరే మేలు. వేసవిలో పైన వెచ్చటి నీరు, అడుగున చల్లటి నీరు పొరలుగా విడిపోతాయి. ఎండనూ గాలినీ నమూనాకు తగ్గట్టు తగ్గించలేం కాబట్టి దీన్ని ల్యాబులో చూపించడం చాలా కష్టం.

స్పిల్‌వే (వరద నీటిని డ్యామ్ దాటించే దారి), ఇన్‌టేక్ (జలాశయం నుంచి నీటిని బయటికి తీసుకునే నోరు) దగ్గరికొస్తే కథ మారుతుంది. అక్కడ నీటిని నడిపేది ముఖ్యంగా గురుత్వాకర్షణ. అందుకే ఫ్రూడ్ సంఖ్య (ప్రవాహపు జోరుకీ గురుత్వాకర్షణకీ ఉన్న నిష్పత్తి) అసలులోనూ నమూనాలోనూ ఒకటే ఉండేలా చూస్తాం. 1:50 స్కేలులో వేగం సుమారు 7 రెట్లు తగ్గుతుంది, ప్రవాహం దాదాపు 17,700 రెట్లు తగ్గుతుంది. అంటే సెకనుకు 1000 ఘనపు మీటర్ల వరద మీ ముందు సెకనుకు 57 లీటర్లయి పారుతుంది. గంటసేపు వచ్చే వరద ఎనిమిదిన్నర నిమిషాల్లో అయిపోతుంది.

ఒక పనిలో లోతు మొత్తానికీ సగటు వేగం లెక్కగట్టే రెండు డైమెన్షన్ల సిమ్యులేషన్, గేట్లన్నిటికీ నీరు ఇంచుమించు సమంగా వెళ్తుందని చూపింది. నమూనాలో రంగు నీళ్లు వదిలాం. పక్క గోడ మూల దగ్గర ప్రవాహం గోడను వదిలేసి మెల్లగా సుడి తిరుగుతోంది, చివరి గేటుకు నీరు తక్కువ అందుతోంది. ఆ మూలలో మెష్ (లెక్క కోసం నీటిని విడగొట్టే గళ్లు) బాగా చిన్నది చేసి మూడు డైమెన్షన్లలో నడిపితే అదే సుడి తెర మీదా కనిపించింది. నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ తర్వాతి పని. గోడను ఎన్ని వంపులు తిప్పాలో అన్నీ కంప్యూటర్లోనే తిప్పి చూశాం, బాగున్న ఒకటి రెండిటినే అక్రిలిక్‌లో కోయించాం. ఒక్కో ఆకారానికీ కొత్త గోడ కట్టాలంటే సగం కూడా పరీక్షించేవాళ్లం కాదు.

నమూనా చూపించేదంతా నిజమే అనుకోకండి. స్కేలు తగ్గినా నీటి తలతన్యత తగ్గదు. అందువల్ల ఇన్‌టేక్ పైన గాలిని లాగే సుడి నమూనాలో బలహీనంగా కనిపిస్తుంది; అక్కడ చిన్న గుంట పడినా నేను పట్టించుకుంటాను. గరుకుదనమూ అంతే. గరుకుదనాన్ని అంకెలో చెప్పే మ్యానింగ్ గుణకం కాంక్రీటుకు 0.015 అయితే 1:50లో 0.008 కావాలి, నున్నటి అక్రిలిక్ కూడా సాధారణంగా అంతకన్నా కాస్త గరుకే. సిమ్యులేషన్‌కీ లోపముంది: టర్బులెన్స్‌ను (నీటిలోని అల్లకల్లోలాన్ని) సగటు చేసే మోడళ్లు, వస్తూ పోతూ ఉండే సుడులను తుడిచేస్తాయి.

మీది కాలేజీ ప్రాజెక్టులా ఉంది. అయితే ఒక్క స్పిల్‌వే, దాని ముందున్న కొంత జలాశయం తీసుకోండి. ఆ కొంతను మరీ కుదించకండి. నీరు ఏ కోణంలో వస్తుందో తేల్చేది ఎగువ నేల ఆకారమే. దాన్ని కోసేస్తే మీరు పైపుతో ఎలా వదిలారో అదే ఫలితంగా వస్తుంది. నీళ్లు వదిలేచోట చిల్లుల ఇటుకల వరుస పెట్టి అలజడి తగ్గించండి, నీటిమట్టం పాయింట్ గేజ్‌తో (నీటి పైభాగాన్ని తాకేలా దించే, స్కేలున్న సూది) కొలవండి. కొన్ని గేట్ల స్థితుల కొలతలతో సిమ్యులేషన్‌ను సరిచూసుకుని, ఇంకో రెండు స్థితుల కొలతలను దానికి చూపించకుండా అట్టేపెట్టండి. ఆ రెండూ సిమ్యులేషన్ చెప్పినదానికి దగ్గరగా వస్తేనే, కొలవని వరదలకు దాని అంకెలు వాడండి.