ఫ్యాను చప్పుడు: లోపం ఫ్యానులోనా, వేడిలోనా?

డెస్క్‌టాప్ కంప్యూటర్ చేసే చప్పుడు గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఆరింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాం. ఇవి ఒకదానికొకటి పోలికగా కనిపించినా, వీటి వెనుక ఉన్న కారణాలు వేరు, చేయవలసిన పనులూ వేరు.

ప్రశ్న: నా డెస్క్‌టాప్ కొని నాలుగేళ్లయింది. మొదట్లో పక్కనే కూర్చున్నా చప్పుడు వినిపించేది కాదు. ఇప్పుడు ఆన్ చేసిన కాసేపటికే హోరు మొదలవుతోంది. రిపేరు చేసే అతను ఫ్యాను మార్చాలంటున్నాడు. మార్చాల్సిందేనా?

జవాబు: మార్చే ముందు ఒక్క విషయం తేల్చుకోండి. ఫ్యాను చప్పుళ్లు ముఖ్యంగా రెండు రకాలు. వేగం పెరిగినప్పుడు గాలి చేసే హోరు ఒకటి. లోపల ఇరుసును పట్టి తిప్పే బేరింగ్ అరిగిపోవడం వల్లనో, రెక్కలకు ఏదైనా వైరు తగలడం వల్లనో వచ్చే గరగర, టకటక రెండోది. మీ కంప్యూటర్ ఆన్ చేయగానే నిశ్శబ్దంగా ఉండి, వేడెక్కుతున్న కొద్దీ హోరెత్తుతోందంటే, ఫ్యాను తన పని తాను సరిగానే చేస్తోందని అర్థం. ప్రాసెసర్ వేడి పెరిగిందని మదర్‌బోర్డు చెబుతోంది, ఫ్యాను వేగం పెంచుకుంటోంది. అందువల్ల కొత్త ఫ్యాను బిగించినా అది కూడా ఇలాగే హోరెత్తుతుంది. వెతకవలసింది వేడి ఎందుకు పెరుగుతోందన్నదే.

మొదట ఉష్ణోగ్రత చూడండి. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే ఒక కీ నొక్కి తెరిచే అమరికల తెరలో) గానీ, హెచ్‌డబ్ల్యూఇన్ఫో వంటి ఉచిత ప్రోగ్రాముల్లో గానీ ప్రాసెసర్ ఉష్ణోగ్రత, ఒక్కో ఫ్యాను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందన్న సంఖ్య పక్కపక్కనే కనిపిస్తాయి. పెద్ద పనేమీ లేని సమయంలో ఉష్ణోగ్రత సాధారణంగా 35 నుంచి 50 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. గది వేడిని బట్టి, ప్రాసెసర్ రకాన్ని బట్టి ఇది కొంత మారుతుంది. ఏ పనీ చేయించకుండానే 70 దాటుతుంటే ఎక్కడో అడ్డు ఉన్నట్టే. అదే సమయంలో, ఏ ప్రోగ్రాము ప్రాసెసర్‌ను ఎంత వాడుతోందో చూపే టాస్క్ మేనేజర్ కూడా తెరిచి చూడండి. మీకు తెలియకుండా వెనుక నడుస్తున్న ప్రోగ్రామో, మూయకుండా వదిలేసిన బ్రౌజర్ పేజీయో ప్రాసెసర్‌ను తీరిక లేకుండా పనిచేయిస్తుంటే, దాన్ని ఆపితే హోరు దానంతట అదే తగ్గుతుంది. చాలామంది ఈ చిన్న పని చేయకుండానే కేబినెట్ విప్పుతారు.

వెనుక ప్రోగ్రాములేవీ లేకపోయినా వేడి ఉందంటే, నాలుగేళ్ల యంత్రంలో మొదటి అనుమానం దుమ్ము మీదే. ఫ్యాను రెక్కల మీద కనిపించే దుమ్ము కన్నా, ఫ్యానుకూ, ప్రాసెసర్ వేడిని లాగే లోహపు దిమ్మ అయిన హీట్‌సింక్‌కూ మధ్య పేరుకున్న దుమ్ము ఎక్కువ హాని చేస్తుంది. హీట్‌సింక్‌లోని పలుచని లోహపు రేకుల సందుల్లోంచి గాలి పోతేనే వేడి బయటికి వెళ్తుంది. ఆ సందుల మీద దుమ్ము దుప్పటిలా పరుచుకున్నాక ఫ్యాను ఎంత వేగంగా తిరిగినా గాలి లోపలికి పోదు. పైనుంచి చూస్తే ఈ పొర కనిపించకపోవచ్చు కాబట్టి, టార్చి వేసి రెక్కల సందుల్లోంచి లోపలికి చూడండి.

శుభ్రం చేసేటప్పుడు కరెంటు తీగ పూర్తిగా ఊడదీసి, ఆ తర్వాత పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి ఉంచండి. కేబినెట్‌ను ఆరుబయటకో, గాలి బాగా ఆడే చోటికో తీసుకెళ్లి బ్లోయర్‌తో గానీ, గాలి డబ్బాతో గానీ దుమ్ము ఊదండి. డబ్బా వాడుతుంటే నిటారుగానే పట్టుకోండి. వంచితే అందులోని ద్రవం బయటికి చిమ్ముతుంది. ఊదుతున్నంత సేపూ ఫ్యాను రెక్కలను వేలితో కదలకుండా పట్టుకోవడం తప్పనిసరి. స్వేచ్ఛగా వదిలేస్తే అది మామూలుగా ఎన్నడూ తిరగనంత వేగంతో తిరిగి బేరింగ్‌ను దెబ్బతీస్తుంది. పైగా తిరిగే మోటారు కరెంటు పుట్టిస్తుంది కాబట్టి అది మదర్‌బోర్డు వైపు వెళ్లే ప్రమాదమూ ఉంది. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని బోర్డుకు దగ్గరగా పెట్టకండి. ఆ ప్లాస్టిక్ మూతి దగ్గర పుట్టే స్థిర విద్యుత్తు చిప్పులకు మంచిది కాదు.

దుమ్ము పోయాక కూడా వేడి తగ్గకపోతే హీట్‌సింక్ సరిగా కూర్చుందో లేదో చూడాలి. ఇంటెల్ ప్రాసెసర్‌తో పాటు వచ్చే చిన్న కూలర్ (హీట్‌సింక్, ఫ్యాను కలిసిన భాగం) నాలుగు మూలలా ప్లాస్టిక్ పిన్నుల మీద నిలబడుతుంది. వాటిలో ఒక్కటి వదులైనా ఒక పక్క లేచి, వేడి హీట్‌సింక్‌లోకి సరిగా పాకదు. పిన్నులన్నీ గట్టిగా ఉంటే, మిగిలింది ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య వేడిని దాటించడానికి పూసిన థర్మల్ పేస్ట్. ఏళ్లు గడిచిన కొద్దీ అది ఎండిపోతుంది. పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, శనగగింజంత కొత్త పేస్ట్ మధ్యలో పెట్టి బిగిస్తే చాలు. ఒక హెచ్చరిక: ఏఎమ్‌డీ కంపెనీ వారి ఏఎమ్4 సాకెట్‌లో (ప్రాసెసర్‌ను కూర్చోబెట్టే గూడులో) పెట్టే ప్రాసెసర్ అడుగునే పిన్నులుంటాయి. ఎండిన పేస్ట్ అంటుకుని ఉండగా కూలర్‌ను నిలువుగా లాగితే దాంతో పాటు ప్రాసెసర్ కూడా ఊడి వచ్చి పిన్నులు వంగిపోవచ్చు. ముందు కంప్యూటర్‌ను కాసేపు నడిపి వేడెక్కనిచ్చి, ఆపి కరెంటు తీసేశాక, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ విడదీయండి.

ఇవన్నీ చేశాక కూడా హోరు ఉంటేనే కొత్త కూలర్ గురించి ఆలోచించండి.

ప్రశ్న: ఉదయం ఆన్ చేయగానే గరగరమని చప్పుడు వస్తుంది, కాసేపటికి దానంతట అదే ఆగిపోతుంది. ఇది ఏ ఫ్యానో ఎలా తెలుసుకోవాలి? నూనె వేస్తే సరిపోతుందా?

జవాబు: ఇది పైదానికి పూర్తిగా తలకిందులు. చల్లగా ఉన్నప్పుడు చప్పుడు చేసి, వేడెక్కాక తగ్గిపోవడం అరిగిన బేరింగ్ లక్షణం. చవక ఫ్యాన్లలో ఎక్కువగా వాడే స్లీవ్ బేరింగ్‌లో ఇరుసు నూనె పొర మీద తిరుగుతుంది. ఆ నూనె తగ్గి చిక్కబడినప్పుడు, మొదట్లో ఇరుసు గోడకు రాసుకుంటుంది. కాస్త వేడెక్కాక నూనె పలుచనై చప్పుడు అణుగుతుంది. రోజులు గడిచిన కొద్దీ ఆ గరగర సేపు పెరుగుతూ పోతుంది.

ఏ ఫ్యానో కనిపెట్టడానికి ఒక గట్టి కాగితాన్ని గొట్టంలా చుట్టి, ఒక చివర చెవి దగ్గర పెట్టుకుని, రెండో చివరను ఒక్కో ఫ్యానుకు కాస్త దూరంగా చూపిస్తూ వినండి. వెంట్రుకలు, గొలుసులు, వదులు చేతులు రెక్కల దగ్గరికి రానివ్వకండి. ఇంకా అనుమానం ఉంటే కంప్యూటర్ ఆపి, కేబినెట్‌కు బిగించిన ఫ్యాన్లను ఒక్కొక్కటే కనెక్టర్ ఊడదీసి, మళ్లీ ఆన్ చేసి చూడండి. ప్రాసెసర్ ఫ్యానును మాత్రం ఇలా ఊడదీసి నడపవద్దు. తిరుగుతున్న రెక్కలను వేలితో ఆపి చూడమని కొందరు సలహా ఇస్తారు. గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్ల రెక్కలు పలుచన, ఇట్టే విరుగుతాయి. ఒక రెక్క విరిగితే తూకం తప్పి, ఇప్పుడున్న చప్పుడు కన్నా పెద్ద అదురు మొదలవుతుంది.

నూనె విషయానికి వస్తే, కొన్ని ఫ్యాన్లలో మధ్యనున్న స్టిక్కర్ ఎత్తి, కింద రబ్బరు మూత ఉంటే తీసి, కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేయవచ్చు. కొంతకాలం పనిచేస్తుంది. కొబ్బరినూనె గానీ, తుప్పు వదిలించే స్ప్రే గానీ వద్దు. మొదటిది చలికి గడ్డకడుతుంది, రెండోది మిగిలిన నూనెను కూడా కడిగేస్తుంది. అయితే అరిగిన లోహాన్ని నూనె తిరిగి పూడ్చలేదు కాబట్టి, నా సలహా కొత్త ఫ్యాను తెచ్చుకోవడమే. ఫ్యాను చట్రం వెడల్పు 80, 92, 120, 140 మిల్లీమీటర్లలో ఏదో కొలిచి చూసుకుని, ఇరుసు నూనె ఒత్తిడి మీద తేలుతూ తిరిగే ఫ్లూయిడ్ డైనమిక్ బేరింగ్ ఉన్నది ఎంచుకోండి. ఫ్యాను పడుకుని తిరిగే చోట, అంటే కేబినెట్ పైకప్పులోనో అడుగునో, మామూలు స్లీవ్ బేరింగ్ ఇంకా త్వరగా అరుగుతుంది.

ప్రశ్న: చప్పుడు ఎక్కువేమీ కాదు గానీ, కొన్ని సెకన్లకొకసారి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. చదువుకునేటప్పుడు చాలా చికాకుగా ఉంది. బయోస్‌లో వేగం తగ్గించేస్తే ప్రమాదమా?

జవాబు: చెవికి నిలకడైన హోరు త్వరగా అలవాటవుతుంది, హెచ్చుతగ్గులు అలవాటు కావు. అందుకే మీ చికాకు సహేతుకమైనది. ఇప్పటి ప్రాసెసర్లు ఒక పేజీ తెరిచినా క్షణంలో పది ఇరవై డిగ్రీలు వేడెక్కి, మరుక్షణం చల్లబడతాయి. ఫ్యాను ఆ ప్రతి ఎగుడుదిగుడునూ అనుసరిస్తోంది. హీట్‌సింక్ లోహం మాత్రం అంత త్వరగా వేడెక్కదు కాబట్టి, ఫ్యాను కూడా తొందరపడవలసిన అవసరం లేదు.

బయోస్‌లో ఫ్యాన్ల విభాగం తెరిస్తే ఏ ఉష్ణోగ్రతకు ఎంత వేగం అన్నది ఒక గీతగా కనిపిస్తుంది. దాదాపు 60 డిగ్రీల వరకు ఆ గీతను తక్కువ వేగంలో అడ్డంగా ఉంచి, అక్కడి నుంచి మెల్లగా పైకి లేపి, 85 దగ్గరికి వచ్చేసరికి పూర్తి వేగానికి చేర్చండి. చాలా బోర్డుల్లో వేగం మారడానికి ముందు ఎన్ని సెకన్లు ఆగాలో చెప్పే అమరిక కూడా ఉంటుంది. దాన్ని పెంచితే మీరు చెప్పిన ఊగిసలాట దాదాపుగా పోతుంది. తర్వాత బరువైన పని ఒకటి అరగంట సేపు చేయించి ఉష్ణోగ్రత గమనించండి. సుమారు 95 నుంచి 100 డిగ్రీలకు చేరితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అంత దూరం పోనివ్వకుండా గీత గీసుకుంటే ప్రమాదమేమీ లేదు.

వేగం తగ్గించడంలో ఎంత లాభముందో లెక్కలో చూడండి. ఫ్యాను వేగం సగమైతే అది తోసే గాలి కూడా సుమారు సగమవుతుంది, చప్పుడు మాత్రం 15 డెసిబెల్స్ దాకా పడిపోతుంది. పది డెసిబెల్స్ తగ్గితేనే మన చెవికి చప్పుడు సగమైనట్టు అనిపిస్తుంది. అదే రకం ఫ్యాను మరొకటి చేరిస్తే పెరిగేది మూడు డెసిబెల్స్ మాత్రమే. అంటే పూర్తి వేగంతో ఒక్క ఫ్యానును తిప్పడం కన్నా, సగం వేగంతో రెండింటిని తిప్పితే దాదాపు అంతే గాలి ఎంతో తక్కువ చప్పుడుతో వస్తుంది. నిశ్శబ్దం కావాలంటే ఫ్యాన్లు తీసేయాలనుకునే వారు ఈ లెక్కను తప్పక గమనించాలి.

ప్రశ్న: కేబినెట్‌కు కొత్త ఫ్యాను పెట్టించాను. ఎప్పుడు చూసినా పూర్తి వేగంతోనే తిరుగుతోంది. ఫ్యాను లోపమేనా?

జవాబు: కనెక్టర్‌లో ఎన్ని రంధ్రాలున్నాయో చూడండి. మూడు ఉంటే ఆ ఫ్యాను వేగాన్ని వోల్టేజీ తగ్గించడం ద్వారానే అదుపు చేయాలి. నాలుగు ఉంటే ఎప్పుడూ 12 వోల్టులే ఇచ్చి, నాలుగో తీగ మీద వచ్చే సంకేతంతో వేగం మారుస్తారు. మూడు తీగల ఫ్యానును నాలుగు పిన్నుల చోట పెట్టి, బయోస్‌లో అమరికను పీడబ్ల్యూఎమ్ (ఈ సంకేతంతో వేగం మార్చే పద్ధతి) మీదే వదిలేస్తే, సంకేతం అందుకునే తీగ లేక అది పూర్తి వేగంతోనే తిరుగుతుంది. ఆ అమరికను డీసీ, అంటే వోల్టేజీతో అదుపు చేసే పద్ధతి, అని మార్చితే సరిపోతుంది. ఫ్యానును పవర్ సప్లై తీగకే నేరుగా కలిపి ఉంటే మాత్రం, దాన్ని మదర్‌బోర్డుకు మార్చించండి.

ప్రశ్న: ఫ్యాన్లు కొత్తవే, దుమ్ము లేదు, వేడి లేదు. అయినా కేబినెట్ నుంచి గుయ్ గుయ్‌మని అలలు అలలుగా మోత వస్తోంది. చెయ్యి పెడితే ఆగుతుంది, తీస్తే మళ్లీ మొదలు.

జవాబు: చెయ్యి పెడితే ఆగుతోందంటే మోగుతున్నది రేకు. ఏదో ఒకటి దాన్ని అదిలిస్తోంది. ఏడు రెక్కల ఫ్యాను నిమిషానికి 1200 చుట్లు తిరిగితే రెక్కలు సెకనుకు 140 సార్లు గాలిని కోస్తాయి. పక్కనే అలాంటిదే మరొకటి 1230 చుట్లు తిరుగుతుంటే దాని లెక్క 143.5. ఈ రెండు స్వరాలూ కలిసి సెకనుకు మూడు నాలుగుసార్లు హెచ్చి తగ్గే అలగా వినిపిస్తాయి. రెండు ఫ్యాన్లకూ ఒకే వేగం పెట్టినా అవి అచ్చంగా ఒకే వేగంతో తిరగవు కాబట్టి, బయోస్‌లో వాటి మధ్య రెండు మూడు వందల చుట్ల తేడా ఉంచండి.

అలలు పోయి ఒకే గుయ్‌మనే మోత మిగిలితే హార్డ్ డిస్కును అనుమానించండి. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కు సెకనుకు 120 సార్లు అదురుతుంది, పలుచని రేకు దాన్ని పట్టుకుని పెద్దది చేస్తుంది. డిస్కు స్క్రూల కింద రబ్బరు వాషర్లు వేయండి. ఫ్యాన్లకు స్క్రూల బదులు రబ్బరు పిన్నులు వాడవచ్చు. పక్క తలుపు స్క్రూలు బిగించి, కేబినెట్ అడుగున నాలుగు కాళ్లూ నేలకు ఆనేలా చూడండి.

ప్రశ్న: ఆట ఆడేటప్పుడు మాత్రమే సన్నగా కీచుమనే శబ్దం వస్తుంది. పవర్ సప్లై ఫ్యాను అనుకుంటున్నాను. దాన్ని విప్పి శుభ్రం చేయవచ్చా?

జవాబు: పవర్ సప్లైని విప్పకండి. కరెంటు తీసేశాక కూడా అందులోని కెపాసిటర్లలో మూడు వందల వోల్టులకు పైగా నిల్వ ఉండవచ్చు, అది ప్రాణం తీయగలదు. బయటి జాలీ మీద దుమ్ము ఊదడం వరకే మనం చేయదగ్గది. లోపలి ఫ్యాను చెడిపోయిందని తేలితే, వారంటీ ఉంటే పంపండి, లేకపోతే పవర్ సప్లై మొత్తం మార్చండి. అయితే మీరు చెప్పిన సన్నని కీచు ఫ్యానుది కాకపోవచ్చు. గ్రాఫిక్స్ కార్డులోనో పవర్ సప్లైలోనో ఉండే తీగచుట్టలు, వాటిగుండా పోయే కరెంటు వేగంగా మారుతున్నప్పుడు అదిరి ఇలాంటి శబ్దం చేస్తాయి. ఆటలో సెకనుకు వచ్చే దృశ్యాల సంఖ్య మారినప్పుడల్లా కీచు స్థాయి కూడా మారుతోందేమో గమనించండి. మారుతుంటే కారణం ఆ చుట్టలే. వీటివల్ల యంత్రానికి హాని లేదు. ఆట అమరికల్లో దృశ్యాల సంఖ్యను మీ తెరకు తగినట్టు 60కో 75కో పరిమితం చేస్తే కీచు చాలావరకు తగ్గుతుంది, దాంతో పాటు కార్డు వేడి తగ్గి దాని ఫ్యాన్లు కూడా నెమ్మదిస్తాయి.