జీతం తగ్గింది, ముందు ఏ అప్పు తీర్చాలి?

అక్కా, బావగారి జీతం 42 వేల నుంచి 27 వేలకు పడిపోయిందని, కార్డు మీద 80 వేలు, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన లక్ష, లక్షన్నర బంగారం లోను ఉన్నాయని రాశారు. ముందు ఏది తీర్చాలని కదా అడిగారు?

ముందు కార్డే. కనీస మొత్తం కింద నెలనెలా 4 వేలు కడుతున్నాం కదా అనుకుంటున్నారు. నెలకు మూడున్నర శాతం చొప్పున అందులో 2,800 వడ్డీకే పోతుంది. దాని మీద 18 శాతం జీఎస్టీ మరో 504. అసలులో తగ్గేది 700 కూడా కాదు! ఈ రోజే కార్డు బీరువాలో పెట్టేసి, బ్యాంకుకు ఫోన్ చేసి బాకీని ఈఎంఐలుగా మార్చమని అడగండి. వాయిదా తప్పకముందే అడిగితే మాట వింటారు.

రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, కాబట్టి తర్వాత అది. నోటు రాయించుకున్నాయన మీ ఇంటికి రాకముందే మీరే వెళ్లి, ఇంత వరకే ఇవ్వగలమని చెప్పండి. కట్టిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు రాయించి సంతకం తీసుకోండి, ఇది మాత్రం మర్చిపోవద్దు.

బంగారం చివరికి ఉంచండి. గడువు తేదీ క్యాలెండర్ మీద రాసుకోండి. మా అమ్మ నల్లపూసలు వేలం నోటీసు దాకా వెళ్లాయి, ఆ టెన్షన్ మీకొద్దు.

రికవరీ వాళ్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని ఆర్‌బీఐ నిబంధన ఉంది. భయపడకండి. ఈఎంఐ ఎంత వేశారో చెప్పండి, నెల ఖర్చులు కలిసి చూద్దాం.