కుక్కకి క్యాన్సర్ నొప్పి: మన మాత్ర అరముక్క వేయొచ్చా?

వేయకండి. మీ పన్నెండేళ్ల కుక్కకి ఎముక క్యాన్సర్ అన్నారు, డాక్టరు ఇచ్చిన మందు చాలక రాత్రుళ్లు నిద్రపోవడం లేదు, ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర అరముక్క ఇవ్వొచ్చా అని అడిగారు. సరిగ్గా ఆ అరముక్కే నేను మా కుక్క చిట్టికి వేశాను.

మాది శ్రీకాకుళం, అరసవల్లి వైపు. చిట్టికి ముందుకాలు వాచిపోతే గరివిడి పశువైద్య కళాశాలకి తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించాం. ఎముక క్యాన్సర్ అన్నారు. బరువు తూచి, దాన్ని బట్టి మెలాక్సికామ్ అనే నొప్పి మందు రాశారు. కొన్నాళ్లు బాగానే నడిచింది.

ఒక డిసెంబరు రాత్రి, బయట మంచు పడుతుంటే అది మాత్రం ఎండలో పరిగెత్తి వచ్చినట్టు నాలుక బయటపెట్టి వగరుస్తోంది. పడుకుందామని కాళ్లు వంచుతుంది, మళ్లీ లేచి నిలబడుతుంది. వాపు మీద వెంట్రుకలన్నీ తడిసిపోయేలా నాకుతోంది. మూలుగు మాత్రం లేదు. మా అమ్మ చూసి, "ఏడవట్లేదు కదరా, నొప్పేటుంటాది దానికి?" అంది. కుక్కలు నొప్పికి ఏడుస్తాయనుకోవడమే మనం చేసే పెద్ద తప్పు. ఆ వగర్పూ, ఆ నిలబడటమే ఏడుపు.

చూడలేక అమ్మ మోకాళ్ల మాత్ర, డైక్లోఫెనాక్, అరముక్క అన్నంలో కలిపి పెట్టాను. మర్నాడు కూడా పెట్టాను. మూడో రోజు పొద్దున వాకిట్లో తారులాంటి నల్లటి విరేచనం. కడుపులో పుండు పడి రక్తం పోతోందన్నారు డాక్టరు. మెలాక్సికామ్, డైక్లోఫెనాక్ రెండూ ఒకే జాతి మందులు, కలిపితే కడుపూ కిడ్నీలూ పోతాయట. నన్ను ఏడిపించింది ఆ తర్వాతి మాట: ఇక ఆ జాతి మందు ఏదీ వేయడానికి లేదు. వేరే జాతి నొప్పి మందు, గాబాపెంటిన్ క్యాప్సూళ్లతో నెట్టుకొచ్చాం. చిట్టికి ఉన్న కొద్ది రోజుల్లో కొన్ని నా వల్ల నొప్పితో గడిచాయి.

డైక్లోఫెనాక్ తిన్న పశువుల కళేబరాలు తిని రాబందులు చచ్చిపోతున్నాయని పశువైద్యంలో దాన్ని మన దేశంలో 2006లోనే నిషేధించారు. మర్నాడు మాత్ర కోసం వెళ్తే మందుల షాపులో మాత్రం కుక్కకని చెప్పినా అట్ట చేతిలో పెట్టేశారు. ఎవరికి, ఎంత బరువు అని ఒక్క ప్రశ్న లేదు. ఇబుప్రోఫెన్ కూడా అంతే ప్రమాదం. పారాసిటమాల్ అయితే లివర్‌ని దెబ్బతీస్తుంది. "కుక్కకి ఇంత ఖర్చా" అనే చుట్టాల మాట పట్టించుకోకండి. ఇన్నేళ్లూ మన గుమ్మం కాసిన ప్రాణి అది.

మందు చాలకపోతే డాక్టరుకి అదే మాట చెప్పండి. గాబాపెంటిన్ లాంటి వేరే జాతి మందు తోడు వేసే దారి వాళ్లకి ఉంది. దురదకో దేనికో స్టెరాయిడ్ వాడుతుంటే ముందే చెప్పాలి, మెలాక్సికామ్‌తో అది కలవకూడదు. మెలాక్సికామ్ ఖాళీ కడుపున వేయకండి. వాంతి అయినా, తిండి మానేసినా, విరేచనం నల్లగా ఉన్నా మందు ఆపి వెంటనే ఫోన్ చేయండి.

ఇప్పటికే ఏదైనా వేసేసి ఉంటే సిగ్గుపడి దాచొద్దు. నేను మొదట దాచాను, ఒక పూట వృథా అయింది. ఆ మాత్రల అట్ట జేబులో పెట్టుకుని వెళ్లండి.