రేడియేషన్ థెరపీ కోర్సు: ఫీజు కన్నా ముందు పోస్టింగ్ నెలలను లెక్కేయండి

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తున్నాను. అమ్మకు రేడియేషన్ జరిగిన ఆరు వారాలూ రోజూ వెంట వెళ్లాను. అక్కడి థెరపిస్టులను చూశాక నేనూ ఆ పని నేర్చుకోవాలని గట్టిగా అనిపించింది. యూనివర్సిటీలో నాలుగేళ్ల డిగ్రీ ఉంది, సీటు వచ్చేలా ఉంది. మావారి జీతంతో ఇల్లు గడుస్తుంది కానీ మిగిలేది తక్కువ. మూడేళ్ల పాప ఉంది, రెండో బిడ్డ కావాలనీ ఉంది. ఏడాది ఇంటి ఖర్చుకు సరిపడా పొదుపు ఉంది. దాన్ని ఫీజులకు వాడేసి లోన్ లేకుండా చదవమని అందరూ అంటున్నారు. అలా చేయవచ్చా?

జవాబు: పొదుపంతా ఫీజులకు పెట్టకండి. కోర్సులో చేరవద్దని మాత్రం నేను అనను. మీ విషయంలో ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలు.

లోన్ లేని చదువు వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఈ డిగ్రీలో డబ్బుకు ఎక్కువ ఇబ్బంది పడేది ఫీజు కట్టే రోజున కాదు, ఆస్పత్రి పోస్టింగుల్లో, అంటే శిక్షణ కోసం ఆస్పత్రిలో గడిపే నెలల్లో. శరీర నిర్మాణం, రేడియేషన్ ఫిజిక్స్, కణాల మీద రేడియేషన్ ప్రభావం, క్యాన్సర్ వైద్యం లాంటివి తరగతిలో చెబుతారు. అసలు పని మాత్రం చికిత్స గదిలోనే వస్తుంది. సీటీ సిమ్యులేషన్ (చికిత్స ప్లాన్ కోసం ముందుగా తీసే స్కాన్) దగ్గర రోగిని పడుకోబెట్టడం, తల కదలకుండా మాస్క్ తయారు చేయడం, రేడియేషన్ ఇచ్చే లీనియర్ యాక్సిలరేటర్ (లీనాక్) యంత్రం కింద రోజూ అదే భంగిమను కొన్ని మిల్లీమీటర్లకు మించి తేడా రాకుండా మళ్లీ తేవడం, బీమ్ (రేడియేషన్ కిరణాలు) ఇచ్చే ముందు ఇమేజ్ తీసి ప్లాన్‌తో పోల్చుకోవడం పుస్తకం చదివితే రావు. అందుకే ఆస్పత్రిలో గడపాల్సిన గంటలు తప్పనిసరి. సెలవు పెడితే తర్వాత పూర్తి చేయాల్సిందే. చాలాచోట్ల ఆ గంటలకు జీతం ఉండదు, ఉన్నా చిన్న స్టైపెండే. రోజంతా అక్కడే గడిచిపోతుంది, పాపను చూసుకునే మనిషికి డబ్బివ్వాలి, ప్రయాణం ఖర్చు ఉంటుంది. మొదటి రెండేళ్లలో పొదుపు అయిపోతే సరిగ్గా అప్పుడే చేతిలో ఏమీ ఉండదు. మూడో ఏడాదిలో చదువు మానేస్తే ఫీజూ పోతుంది, డిగ్రీ కూడా రాదు. నాకు అన్నిటికన్నా భయం దాని గురించే.

కాబట్టి మీ పొదుపును రెండు సగాలుగా చూడండి. ఆరు నెలల ఇంటి ఖర్చు అత్యవసర నిధి, దాన్ని ముట్టుకోకండి. మిగతా సగం పోస్టింగుల కాలానికి. దాన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచండి. రెండు మూడేళ్లలో కావలసిన డబ్బును షేర్లలో గానీ ఈక్విటీ ఫండ్లలో గానీ పెట్టకండి. ఫీజుకు విద్యారుణం తీసుకోండి, ఏ ఏడాదికి ఆ ఏడాది విడుదలయ్యేలా.

లోన్ అనగానే టెన్షన్ పడకుండా ఒకసారి లెక్క చూడండి. మొత్తం ఫీజు 100 అనుకుందాం. ఏటా మొదట్లో 25 చొప్పున తీసుకుంటే, పది శాతం చక్రవడ్డీతో నాలుగో ఏడాది చివరికి అప్పు సుమారు 127.6 అవుతుంది. అదే 100 మొదటి రోజే మొత్తంగా తీసుకుంటే 146 దాటుతుంది. చదువుతుండగానే వడ్డీ కడుతూ వస్తే అప్పు 100 దగ్గరే ఆగుతుంది. మీకు అకౌంట్స్ వచ్చు కదా, మొదటి రెండేళ్లలో సాయంత్రాలు ఇంటి నుంచి ఒకరిద్దరి లెక్కలు చూసినా ఆ వడ్డీకి చాలావరకు సరిపోవచ్చు. పోస్టింగులు మొదలయ్యాక ఆ ఆదాయాన్ని లెక్కలోకి తీసుకోకండి. అదే వడ్డీతో నెలనెలా వాయిదాల్లో తీర్చడానికి ఐదేళ్లు పెట్టుకుంటే 100కి మొత్తం 127 పైచిలుకు కడతారు, పదేళ్లయితే 158 పైనే. వాయిదా మాత్రం కొత్త ఉద్యోగంలో చేతికొచ్చే జీతంలో ఐదో వంతు దాటకుండా చూసుకోండి.

ఇక రెండో ప్రశ్న, అసలు చేరాలా? ఇప్పుడు మీ ఏడాది జీతం 100, నాలుగేళ్ల ఫీజు కూడా 100 అనుకోండి. వదులుకునే జీతంతో కలిపితే ఖర్చు 500. కొత్త ఉద్యోగంలో 150 వస్తే, ఏటా అదనంగా వచ్చే 50తో పెట్టింది తిరిగి రావడానికి పదేళ్లు పడుతుంది, అంటే మీకు 43. కొత్త జీతం 120 అయితే పాతికేళ్లు, అప్పటికి మీకు 58. పాత ఉద్యోగంలో పెరిగే జీతాన్నీ, వడ్డీనీ ఇందులో కలపలేదు, కలిపితే ఇంకా ఆలస్యమవుతుంది. మీ అంకెలతో ఇదే లెక్క వేయండి. రెండో రకం జవాబు వస్తే ఇది డబ్బు కోసం కాదు, పని మీద ఇష్టంతో తీసుకునే నిర్ణయమని ఇద్దరూ ఒప్పుకుని చేరండి. అందులో తప్పేమీ లేదు. అప్పుడు అప్పు చిన్నదిగా ఉండాలి, అవసరమైతే మరో ఏడాది ఉద్యోగం చేసి కూడబెట్టి వెళ్లాలి. జీతం అంకెను కాలేజీ కరపత్రం నుంచి తీసుకోకండి. గత రెండేళ్లలో డిగ్రీ పూర్తి చేసిన వాళ్లను అడగండి, ఉద్యోగ ప్రకటనలు చూడండి. ఉద్యోగాలు లీనాక్ లాంటి రేడియేషన్ చికిత్స యంత్రాలున్న ఆస్పత్రుల్లోనే ఉంటాయి, అంటే ఎక్కువగా పెద్ద ఊళ్లలో. మీకు అందుబాటులో అలాంటివి ఒకటో రెండో ఉంటే, ఊరు మారాల్సి రావచ్చు. అప్పుడు మీవారి ఉద్యోగం సంగతేమిటో కూడా మాట్లాడుకోండి.

ఫీజు కట్టే ముందు ఒకటి తప్పక చూడండి. ఆ డిగ్రీతో రేడియేషన్ థెరపిస్టుగా రిజిస్ట్రేషన్ వస్తుందా? మెడికల్ ఇమేజింగ్ కోర్సులు పేరుకు దగ్గరగా ఉంటాయి, కానీ చాలా దేశాల్లో ఎక్స్‌రే, స్కాన్లు తీసే అర్హత వేరు, చికిత్స ఇచ్చే అర్హత వేరు. యూనివర్సిటీ మాట మీద ఆగకండి, రిజిస్ట్రేషన్ ఇచ్చే సంస్థ జాబితాలోనే వెతకండి. ఏదైనా ఆస్పత్రి ఫీజు కట్టి బాండ్ రాయించుకుంటానంటే, మధ్యలో మానేస్తే ఎంత తిరిగి కట్టాలో చదివాకే సంతకం చేయండి.

రాజీనామాకు ముందు, ఒక ఆస్పత్రిలో అనుమతి అడిగి కొన్ని రోజులు ఆ విభాగంలో ఉండి చూడండి. ఇంతవరకు మీరు అమ్మగారి కూతురిగా చూశారు. థెరపిస్టుకు ఒకరి తర్వాత ఒకరు రోగులు వస్తూనే ఉంటారు, నయం కాదని తెలిసి నొప్పి తగ్గించడానికే చికిత్స తీసుకునేవారూ ఉంటారు. ఆ రోజులు గడిపాక కూడా మీకు ఇదే కావాలనిపిస్తే నాకు సంతోషమే.

రెండో బిడ్డ విషయం కూడా ఇప్పుడే ప్లాన్‌లోకి తీసుకోండి. లీనాక్ కరెంటుతో నడిచే యంత్రం, బీమ్ ఆపితే ఎక్స్‌రేలు రావు. బీమ్ నడుస్తున్నంతసేపూ సిబ్బంది బంకర్ (మందపాటి గోడల చికిత్స గది) బయటే ఉంటారు. రేడియేషన్‌తో పనిచేసేవారికి అంతర్జాతీయంగా సూచించిన పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు (శరీరానికి అందే రేడియేషన్ కొలత). గర్భం సంగతి చెప్పాక మాత్రం, మిగతా నెలల్లో బిడ్డకు అందేది ఒక మిల్లీసీవర్ట్ దాటకూడదని సూచిస్తారు. అందుకని పోస్టింగులు మార్చవచ్చు, సెలవుల వల్ల ఒక సెమిస్టర్ వెనక్కి పోవచ్చు. కాబట్టి డబ్బు ప్లాన్ నాలుగేళ్లకు కాదు, ఐదేళ్లకు వేసుకోండి.

ఇంకో సంగతి, ఉద్యోగం మానేస్తే కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఆగిపోతుంది. మీరూ పాపా మీవారి పాలసీలో చేరారని కాగితం చేతికొచ్చాకే రాజీనామా ఇవ్వండి. లోన్ మొత్తానికి సరిపడా మీ పేరున టర్మ్ పాలసీ కూడా జీతం వస్తున్నప్పుడే తీసుకోండి, ఆదాయం లేనప్పుడు అడిగితే తక్కువ మొత్తానికే ఇస్తారు.