చిట్టీ, ఆ ప్యాకేజీ మాత్రం కొనకు

చిట్టీ,

మొక్కల మీద బ్లాగు మొదలుపెట్టావని, ఇక రెడ్డిట్‌లోనూ పింటరెస్ట్‌లోనూ లింకులు పెట్టి జనాన్ని రప్పిస్తానంటున్నావని మీ అమ్మ చెప్పింది. మురిసిపోయాను. వెంటనే, ఎవరో డబ్బులు తీసుకుని వందల బుక్‌మార్కింగ్ సైట్లలో, అంటే జనం నచ్చిన లింకులు దాచుకుని నలుగురికీ చూపించే సైట్లలో, లింకులు వేసిపెడతారట అని కూడా చెప్పేసరికి గుండె గుభేల్మంది. బ్లాగు మొత్తం చదివేశాలే. వేర్లు కుళ్ళిన మొక్కని బతికించడం గురించి రాసింది భలే ఉంది, ఫొటోలు ఇంకాస్త వెలుతురులో తీసుండాల్సింది.

చిన్న విషయాలు ముందు అయిపోగొడతా. ఒక్కో సైట్‌లో ఒక్క అకౌంట్ చాలు. పింటరెస్ట్‌కి నిలువు బొమ్మ చెయ్యి, 1000 బై 1500 పిక్సెల్స్, అక్కడ జనం వెతుక్కుంటారు కాబట్టి మంచి పిన్, అంటే అక్కడ లింకుతో పెట్టే బొమ్మ, నెలల తరబడి మనుషుల్ని పంపుతుంది. రెడ్డిట్‌లో ఒక్కో విషయానికి ఒక్కో గ్రూపు, సబ్‌రెడ్డిట్ అంటారు, దేని రూల్స్ దానివే, కొన్నిట్లో సొంత లింకు పెడితే తీసేస్తారు. ముందు కొన్నాళ్ళు అక్కడ ఎవరి మొక్క ఆకులు ఎందుకు పసుపెక్కాయో చూసి జవాబులు చెప్పు, నీ లింకు సంగతి తర్వాత.

ఇప్పుడు ఆ ప్యాకేజీ. మీ నాన్న ఇది నీకు చెప్పి ఉండడు, నేను చెప్తున్నా, కోప్పడితే నామీద పడమను.

వాడికి కెమెరాల పిచ్చి కదా, ఒకప్పుడు దానిమీద బ్లాగు నడిపేవాడు. డిగ్, డెలీషియస్, స్టంబుల్‌అపాన్ అనే లింకుల సైట్ల రోజులు, జనం ఓట్లతో డిగ్ మొదటి పేజీకి లింకు ఎక్కిందంటే ఆ జనానికి సర్వర్లే పడిపోయేవి. వాడు బాగానే రాసేవాడు, మెల్లగా చదివేవాళ్ళూ పెరుగుతున్నారు, కానీ వాడికి ఆగే గుణం ఏదీ? డబ్బు కట్టి ఇలాంటి ప్యాకేజీయే కొన్నాడు. దొంగ పేర్లతో అకౌంట్లు, అన్నిట్లో అదే టైటిల్, అవే మాటలు. కొన్నాళ్ళు గ్రాఫ్ పైకి లేచింది, వాడు ఫోన్ చేసి ఒకటే సంబరం. ఒక్కడైనా కామెంట్ పెట్టాడా అని అడిగితే కోపం తెచ్చుకున్నాడు.

2012 ఏప్రిల్‌లో గూగుల్ తన సెర్చ్‌లో పెంగ్విన్ అని ఒక మార్పు తెచ్చింది, సరిగ్గా సెర్చ్‌లో పైకి పోవడానికి కొన్న ఇలాంటి లింకుల మీదే. సెర్చ్ నుంచి వచ్చే జనం ఆగిపోయారు. ఆ లింకులు తీసెయ్యమని సైట్లవాళ్ళకి మెయిల్స్ రాశాడు, సగం సైట్లకి నాథుడే లేడు, ఎవడు తీస్తాడు? ఆ అక్టోబర్‌లో గూగుల్ డిసవౌ టూల్ ఇచ్చింది, ఈ లింకులతో నాకు సంబంధం లేదు అని లిస్టు పంపుకోవచ్చు, అదీ పంపాడు. కానీ అప్పట్లో పెంగ్విన్‌ని గూగుల్ మళ్ళీ నడిపినప్పుడే ఏదైనా మారేది. 2014 అక్టోబర్‌లో ఒకసారి నడిపి, మళ్ళీ 2016 సెప్టెంబర్‌లోనే, అప్పట్నించే అది ఎప్పటికప్పుడు చూసుకోవడం మొదలైంది. మీ నాన్న అంతవరకు ఎక్కడ ఆగాడు, విసిగిపోయి డొమైన్, అంటే బ్లాగు అడ్రస్, రెన్యూ చెయ్యడం మానేశాడు. నువ్వు పసిపిల్లగా ఉన్నప్పుడు ఫ్లాష్ వెయ్యకుండా పిల్లల్ని ఎలా తియ్యాలో నీ ఫొటోలతోనే రాసిన పోస్టు కూడా దాంతోపాటే పోయింది. బొటనవేలు నోట్లో పెట్టుకుని గుర్రుగా చూస్తుంటావు అందులో. ఇప్పుడీ ఉత్తరం చదువుతూ అలాగే చూస్తున్నావని తెలుసు.

ఇప్పుడలాంటి చెత్త లింకుల్ని గూగుల్ చాలావరకు లెక్కలోకే తీసుకోదు, అంటే డబ్బు బూడిదలో పోసినట్టే. అయినా ఈ సైట్లలో పెట్టే లింకులకి చాలావరకు నోఫాలో అని, ఈ లింకుని లెక్కపెట్టొద్దని గూగుల్‌కి చెప్పే గుర్తు ఉంటుంది, 2005 నుంచీ ఉన్నదే, వాటితో సెర్చ్‌లో పైకి పోతావని ఎవడైనా చెప్తే నమ్మకు. అక్కడ నీకు కావాల్సింది చదివే మనిషి.

ఇంకో భయం, మన ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో లింకు పడేసి అందరూ ఓటెయ్యండి అంటావేమో. రెడ్డిట్‌లో జనం ఓట్లతోనే లింకు పైకి పోతుంది, అలా ఓట్లు వేయించుకోవడం రూల్స్‌కి విరుద్ధం, అకౌంట్ పోతుంది. పిన్నులూ బాబాయిలూ ప్రేమతో నిన్ను బ్యాన్ చేయిస్తారు.

వచ్చిన జనం కూడా ఒక్క పేజీ చూసి పోతారు, మర్నాడు గ్రాఫ్ పడిపోతే ఏడవకు. పోస్టు చివర ఇంకో పోస్టుకి దారి చూపించు, ఈమెయిల్ ఇచ్చే చిన్న బాక్స్ ఒకటి పెట్టు. అది ఈ రోజే పెట్టు. ఎందుకింత తొందరపెడుతున్నానంటే ఈ సైట్లు ఉండవు తల్లీ. డిగ్ 2010లో డిజైన్ మార్చింది, జనం మూటముల్లె సర్దుకుని రెడ్డిట్‌కి పోయారు. స్టంబుల్‌అపాన్ 2018లో మూసేశారు, తర్వాత చదవడానికి లింకులు దాచుకునే పాకెట్‌ని 2025లో. ఆ ఈమెయిల్ లిస్టు మాత్రం నీ దగ్గరే ఉంటుంది, నెలకోసారి డౌన్‌లోడ్ చేసి దాచుకో, పోస్టులు కూడా.

మొదటి లింకు పెట్టేముందు టైటిల్ నాకు పంపు, చూస్తా. పెట్టాక లింకు కూడా పంపు, చదివి తప్పులేమైనా ఉంటే ఫోన్లో చెప్తా. ఓటు మాత్రం అడక్కు, వెయ్యను.

మీ అత్త